క్వారీలు ఆగిన రోజు

మా సారు పోయారన్న కబురు, బస్సు జడ్చర్ల దాటుతుండగా తెలిసింది. కాలేజీలో ఆయన మాకు భూగర్భశాస్త్రం చెప్పారు. పాఠాలు మరిచిపోయాను గానీ ఆయన అంటించిన రంధి మాత్రం నన్ను వదల్లేదు. పాలమూరు పట్నం కింద నేలలో పగులుందా, ఉంటే ఎటు పోతుంది?

ఒక సాయంత్రం నేల అదిరి ఊళ్లో గిన్నెలు కదిలాయి. అప్పటి నుంచి సారుకు కాలు నిలవలేదు. కాలేజీవాళ్లను బతిమాలి పట్నం చుట్టూ మూడు చోట్ల అదురు పట్టే యంత్రాలు పెట్టించారు. అదురు ఏ యంత్రాన్ని ముందు తాకిందో, దేన్ని ఆలస్యంగా తాకిందో లెక్కగడితే అది పుట్టిన చోటు దొరుకుతుంది. అలాంటి చోట్లకు మ్యాపు మీద చుక్కలు పెడతాం; అవి ఒక వరసలో పడితే పగులు అక్కడుందని అర్థం.

చిక్కంతా క్వారీలతో వచ్చింది. బండ పేల్చినా యంత్రం అదురనే రాసుకుంటుంది. "మిషిన్ మాట నమ్మకు బిడ్డా, ఎప్పుడు పేల్చిన్రో పోయి అడుగుదాం" అని నన్ను స్కూటర్ ఎక్కించుకుని ప్రతి క్వారీకీ తిప్పేవారు. పెద్ద క్వారీ మేస్త్రీ మమ్మల్ని మైనింగు ఆఫీసువాళ్లనుకుని "మేమేం పేల్చలే సారూ" అనేవాడు. అతని వెనక దుమ్ము ఇంకా లేస్తూనే ఉండేది. సారు అక్కడే కూర్చుని, టిఫిన్ డబ్బా విప్పి అక్కడి పనివాళ్లకూ పెట్టేవారు. నాకు ఒళ్లు మండేది.

"గిట్ల తినుకుంట కూసుంటే ఎప్పటికి తేలుతది సార్?"

"వాళ్లకు భయం పోవాలె గద. మనం తొందరపడి తప్పు గీత గీస్తే, దాని మీదున్న ఇండ్లోళ్లు ఏం గావాలె?"

ఆ ఇళ్లలో మాదీ ఒకటి కావచ్చని ఇద్దరికీ తెలుసు. నాలో ఉన్న కాస్త ఓపిక ఆయన చలవే.

మెల్లగా మేస్త్రీ భయం పోయింది. పేల్చే ముందు తనే ఫోన్ చేసేవాడు. అయినా చుక్కలు వరసకు రాలేదు. పేలుళ్ల మోతలో చిన్న అదుర్లు మునిగిపోయేవి. సారు అది తేలకుండానే వెళ్లిపోయారు.

సారును సాగనంపి వస్తుంటే మేస్త్రీ ఫోన్ చేశాడు. "అమ్మా, సారు పోయిండని ఇయ్యాల అన్ని క్వారీలు బంద్ పెట్టినం. గీ మాట ఎవరికి చెప్పాలెనో తెల్వక నీకు చేసిన."

దారిలోనే ఏడ్చాను. ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిస్తే యంత్రాల గీతలు ఎన్నడూ లేనంత నిమ్మళంగా ఉన్నాయి. ఆ నిమ్మళంలో, మూడింటిలోనూ, సన్నటి అదురు ఒకటి కనిపించింది. లెక్కగట్టాను. తప్పేమోనని మళ్లీ లెక్కగట్టాను. చుక్క మా కాలనీ మీదే పడింది, పాత చుక్కలు రెండింటికి సరిగ్గా వరసలో.

రేపు క్వారీలు మళ్లీ మొదలవుతాయి. ఒక్క అదురుతో గీత గీయడానికి లేదు, ఊరుకుందామంటే మనసొప్పదు. ఏం చేయాలో అడుగుదామంటే ఆయన లేరు.

కుర్చీ జరిపి, కింద కూర్చుని నేల మీద అరచెయ్యి ఆనించాను. గచ్చు చల్లగా ఉంది. వంటింట్లోంచి వచ్చిన అమ్మ నన్ను చూసి ఆగింది.

"ఏం పోగొట్టుకున్నవే?"

నేను చెయ్యి తీయలేదు.