గరాటులో దూది

వేటపాలెంలో మా తమ్ముడింటికి ఎప్పుడు వెళ్ళినా సందు మలుపులోనే జీడిగింజలు కాల్చే వాసన ఎదురొచ్చేది. ఈమధ్య దాన్ని పక్కకు నెట్టి పచ్చి పెట్రోలు వాసన ముందుకొస్తోంది. రేకుల షెడ్డులో మా పాత నల్లకారు బానెట్ తెరుచుకుని ఉంటుంది, అందులో తల దూర్చి శ్రీను ఉంటాడు. శ్రీను మా బాబాయి కొడుకు. పల్లెలో మా కొట్టంలో ఏళ్ళ తరబడి తుప్పు పడుతూ పడి ఉన్న కారును వాడే ఇక్కడికి తోలించుకున్నాడు. కార్బొరేటర్‌లో పెట్రోలును ఆపే నీడిల్ మార్చాడు, ఫ్లోటు మార్చాడు, చీరాల నుంచి ఒక మెకానిక్కును, ఒంగోలు నుంచి ఇంకొకరిని పిలిపించాడు, ఫోనులో వీడియోలు చూసి చూసి కళ్ళు పాడుచేసుకున్నాడు. అయినా స్టార్టయిన కాసేపటికే కార్బొరేటర్ పొంగి, పెట్రోలు బొట్లు బొట్లుగా కారి, ఇంజను దగ్గి ఆగిపోతుంది. ఈ మనిషికి పిచ్చి పట్టిందని మా మరదలు విసుక్కుంటుంది. నేను విసుక్కోను. వాళ్ళ నాన్న చివరిసారి ఎక్కిన కారు అది. ఒక్కసారి దాన్ని నడుపుకుంటూ చీరాల దాకా వెళ్ళాలని వాడి కోరిక. నాకు మాత్రం ఆ వాసన తగిలితే షెడ్డు దాకా వెళ్ళబుద్ధి కాదు, అక్కడే అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడుగుతాను.

మా ఊరు పర్చూరుకు కాస్త అవతల. నల్లరేగడి నేల, వాన పడిందంటే చెప్పులు చేత పట్టుకుని నడవాల్సిందే, ఇంటికొచ్చి కాళ్ళకంటుకున్న మట్టిని పుల్లతో గీకి వదిలించుకోవాల్సిందే. పత్తి తీతలు మొదలైతే నడిమింటి గది దూలాల దాకా పత్తితో నిండిపోయేది, పిల్లలం పెద్దవాళ్ళ కళ్ళు కప్పి అందులోకి దూకి, జుట్టుకీ కనుబొమలకీ తెల్లగా పీచు అంటించుకుని బయటికొచ్చి, ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టేవాళ్ళం. ఎండాకాలం ముందు కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా పరుచుకుంటే ఊరు ఊరంతా తుమ్మేది, తొడిమలు తీసిన చేతులతో అమ్మ కలిపిన పెరుగన్నం కూడా పెదాలు మండించేది. నాగుల చవితికి చలిమిడీ చిమ్మిలీ చేస్తే, నువ్వుల చిమ్మిలి ఉండ కొరకకుండా మొత్తం నోట్లో పెట్టుకుని బుగ్గ ఉబ్బించి మమ్మల్ని నవ్వించేవాడు మా బాబాయి.

ఆ కారు తాతయ్య కొన్నది. తాతయ్య పోయాక నాన్న నడిపేవాడు. కొత్త పెళ్ళికూతుళ్ళూ పురిటి మనుషులూ జ్వరం మనుషులూ, ఊళ్ళో ఎవరికి అవసరమొచ్చినా మా వాకిట్లోకే వచ్చేవాళ్ళు. దసరాకి దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్ళం. మిగతా రోజుల్లో అది పిల్లల సొత్తు. కాలిపోయే సీటు మీద గోనెపట్టా పరుచుకుని నేను స్టీరింగు తిప్పుతుంటే, బాబాయి వెనక సీట్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "డ్రైవరుగారూ, పోనివ్వండి" అనేవాడు. నేను నోటితో ఇంజను శబ్దం చేసేదాన్ని. ఆయన అడిగిన ఊరికల్లా తీసుకెళ్ళేదాన్ని.

మా ఊరి దరిదాపుల్లో బంకు లేదు. చీరాల వెళ్ళినప్పుడు డబ్బాల్లో పెట్రోలు తెచ్చి ఉంచేవాళ్ళు, ఆ డబ్బాల్లో తుప్పు రేకులు తేలుతుండేవి. అందుకని ట్యాంకులో పోసేటప్పుడు గరాటులో గుడ్డ వేసి వడపోసేవాడు నాన్న. అది మా నాయనమ్మకు నచ్చలేదు. గుడ్డలో మురికుంటుంది, దూదిలో ఏముంటుంది అని ఆవిడ వాదన. దేవుడి వత్తుల కోసం విడిగా దాచుకున్న పత్తిలోంచి మంచిది తీసి, వేళ్ళతో గింజలు వలిచి, ఓపిగ్గా ఏకి, అరచేతిలో గుండ్రంగా అమర్చి తెచ్చి తనే గరాటులో పెట్టేది. పత్తి పండించే ఇంట్లో దూదిని మించిన శుభ్రమైన వస్తువు ఇంకేముంటుంది? ట్యాంకులోంచి పెట్రోలు తోడే పంపులో ఉండే సన్న జల్లెడ ఎప్పుడో చిరిగిపోయిందని, దూది వదిలిన పీచు గొట్టాల వెంట ఎంత దూరమైనా పోగలదని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు పత్తిని పచ్చపురుగు దోచేసింది. ఒక మందుకు చావకపోతే రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళు, నోటికి తువ్వాలు చుట్టుకుంటే చాలనుకునేవాళ్ళు. కార్తీకంలో ఒక మధ్యాహ్నం నేను ఎప్పట్లాగే కారులో ఆడుకుంటుంటే, మందు కొడుతున్న చేలోంచి బాబాయిని మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, నోటి వెంట చొంగ, కండరాలు వాటంతటవే అదురుతున్నాయి. నాయనమ్మ వెనక సీట్లో కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. పిన్ని చంటివాడు శ్రీనుని ఎత్తుకుని గడప దగ్గర నిలబడిపోయింది. ఆ గాభరాలో నన్ను దిగమని ఎవరూ అనలేదు. నాన్న కారు తీశాడు.

పర్చూరు దాటి కొంత దూరం వెళ్ళాక పెట్రోలు వాసన గుప్పుమంది, ఇంజను రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. నాన్న బానెట్ ఎత్తాడు. కార్బొరేటర్ పొంగి కారుతోంది. స్పానరుతో దాన్ని తట్టాడు, ప్లగ్గులు ఊడదీసి పంచెకు తుడిచి మళ్ళీ బిగించాడు. నన్ను యాక్సిలరేటర్ నేలకి నొక్కి పట్టుకోమని, తను ముందుకెళ్ళి హ్యాండిల్ వేసి తిప్పాడు. నా కాలు సరిగా అందలేదు, కిందకి జారి రెండు చేతులతో నొక్కాను. ఇంజను పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేసేది. నాన్న తిప్పుతూనే ఉన్నాడు, ఆయన అరచేతులు చిట్లి హ్యాండిలు తడిసింది. మిరప చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చారు గానీ ఏం చెయ్యాలో తెలియక చుట్టూ నిలబడ్డారు. అందరం అంత దగ్గరగా ఉన్నాం, ఒక్కరం కూడా ఎందుకూ పనికి రాలేదు.

వెనక నుంచి బాబాయి గొంతు వినిపించింది, తడబడుతూ.

"డ్రైవరుగారూ, పోనివ్వండి."

నేను పెడల్ మీద పడుకుని నొక్కాను.

చాలాసేపటికి పత్తి బస్తాల లారీ ఒకటి వచ్చింది. దాని క్యాబిన్‌లోకి బాబాయిని ఎక్కించుకుని నాన్నా నాయనమ్మా వెళ్ళిపోయారు. కలుపు తీసే ఒకామె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మా ఊరివాళ్ళు వచ్చేదాకా నా తల నిమురుతూ ఉంది. బాబాయి చీరాల చేరాడు గానీ ఆ సాయంత్రం దాటలేదు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే అని డాక్టరు అన్నాడో లేదో నాకు తెలియదు. నాన్న మాత్రం ఆ మాట బతికినంత కాలం వింటూనే ఉన్నాడు.

దినకర్మలయ్యాక ఒక పొద్దున నాన్న కారు ముందు కూర్చుని కార్బొరేటర్ మూత విప్పాడు. లోపలి ఇత్తడి నీడిల్‌ను బయటికి తీసి వెలుగులో పట్టుకున్నాడు. దాని మొన చుట్టూ సన్నటి తెల్లని పీచు చుట్టుకుని ఉంది. ఆ పీచు అడ్డం పడి నీడిల్ మూసుకోలేదు, పెట్రోలు ఆగలేదు. నాన్న తలెత్తి అరుగు మీదున్న నాయనమ్మ వైపు చూశాడు, చాలాసేపు. పీచును వేళ్ళతో నలిపి పంచెకు రాసుకుని, పక్కనే నిలబడ్డ నాతో, "నాయనమ్మకు చెప్పమాకు" అన్నాడు.

మళ్ళీ పెట్రోలు పోసే రోజు నాయనమ్మ ఎప్పట్లాగే దూది తెచ్చింది. నాన్న "ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని, ఆవిడ వెనక్కి తిరిగాక జేబులో పెట్టుకుని గుడ్డతో వడపోశాడు. కారు మూలపడేదాకా అలాగే సాగింది. చాకిరేవుకు వేసేటప్పుడు చొక్కా జేబుల్లో దూది దొరికితే అమ్మ తీసి పక్కన పెట్టేది, ఎందుకని అడగలేదు.

చివరి రోజుల్లో నాయనమ్మకు చూపు ఆనేది కాదు, చేతి వాటంతోనే వత్తులు చేసేది. ఒకసారి పక్కన కూర్చుంటే ఉన్నట్టుండి అంది.

"మీ నాన్న ఆ దూది జేబులో వేసుకునేవాడు గదే. ఆ రోజు నా వంక చూశాడు చూడు, అప్పుడే తెలిసింది నాకు."

"మరి ఎందుకు ఇచ్చేదానివి?"

"ఇవ్వటం మానేస్తే నాకు తెలిసిపోయిందని వాడికి తెలిసిపోదూ?"

వత్తి నలుపుతూనే ఉంది. ఆ మాట నేను నాన్నకు చెప్పలేకపోయాను. ఇప్పుడు ఇద్దరూ లేరు. నడిమింట్లో పత్తి పోసుకునేవాళ్ళు లేరు, తీసింది తీసినట్టు చేలోంచే వెళ్ళిపోతోంది. మిరపకాయలు కోల్డ్ స్టోరేజీల్లో నిద్రపోతున్నాయి, వత్తులు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, మా ఊరి మలుపులోనే పెట్రోలు బంకు వెలుగుతోంది.

మొన్న మళ్ళీ వెళ్ళాను. శ్రీను ఈసారి ఏకంగా ట్యాంకే ఊడదీశాడు. అడుగున పట్టిన మడ్డిని పుల్లతో కెలికి, జిడ్డోడుతున్న నల్లటి ముద్దను నా కళ్ళ ముందు పెట్టి విడదీశాడు. లోపల ఇంకా తెల్లగానే ఉంది.

"ఇదేంటో పీచులాగుందక్కా. ఇదే పోయి నీడిల్‌కి అడ్డం పడుతోంది. అప్పట్లో పెట్రోలు దేంతో వడపోసేవాళ్ళు మనోళ్ళు?"

వాడి మొహంలో బాబాయి బుగ్గలున్నాయి.

"గుడ్డతోరా" అన్నాను.