దబ్బనం దిగిన కవచం

నేను ఈ జన్మలో కొన్న ప్రతి బట్టనూ ఒకే ప్రశ్న అడిగి కొన్నాను: "ఉతికితే రంగు పోతుందా?" ఆ ప్రశ్న అడిగి నవ్వులపాలైంది ఒక్కసారే. హైదరాబాదులో పోలీసు బెల్టులూ బూట్లూ టోపీలూ అమ్మే ఒక దుకాణానికి, మా ఆయన ఒంట్లో కత్తి దిగకుండా కాపాడే జాకెట్ కొనడానికి వెళ్లినప్పుడు. దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, "అమ్మా, ఇది ఉతికేటిది కాదు, తుడిచేటిది," అన్నాడు. ఉతకని బట్టను మనిషి రోజూ ఒంటిమీద ఎట్లా వేసుకుంటాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. కానీ ఆ బట్ట మా ఇంట్లో మగ్గం పక్క కొయ్యకు వేలాడుతూనే ఉంది.

మేము ఓరుగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్లం. నేను బడికి పోలేదు. మా నాన్న మగ్గం గుంటలో కూర్చునే నాకు అక్షరాలు దిద్దించాడు. పొద్దున్నే దేవుడి పుస్తకం ఒక పేజీ చదివి వినిపిస్తే తప్ప పోగు ముట్టనిచ్చేవాడు కాదు. నాకున్న చదువంతా అదే. దానికి రోజూ మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ఆ చదువులో ఎక్కడా కవచాన్ని ఎట్లా ఎంచుకోవాలో లేదు. ఎవరికైనా కవచం కావాలంటే అది ఒంటితోనే పుట్టుకొచ్చేది, లేకపోతే దేవుడే దిగొచ్చి ఇచ్చేవాడు. కొలతలు తీసుకున్నట్టు నేనెక్కడా చదవలేదు.

సంగతి ఇదీ. మా వీధి మలుపులో ఒక టీ కొట్టు ఉంది. బయట వేసిన బల్ల మీద కూర్చునే విషయంలో మాటా మాటా పెరిగి, ఒకడు టీ కొట్టు ఆయనను కడుపులో కత్తితో పొడిచాడు. ఆ సమయానికి అక్కడ ఐదుగురు టీ తాగుతున్నారు. అందులో నలుగురు సరిగ్గా ఆ క్షణంలోనే అటు తిరిగి ఉన్నారట. ఇటు తిరిగి ఉన్నది మా ఆయన ఒక్కడే. టీ కొట్టు ఆయన నెలరోజులు దవాఖానలో ఉండి, అమ్మవారి దయవల్ల బతికి వచ్చాడు. పొడిచినవాడు బెయిలు మీద బయటికొచ్చాడు. సాక్షిగా మా ఆయన పేరు కాగితాల మీదికెక్కింది.

కోర్టు నుంచి పిలుపు వచ్చిన వారానికి, నూలు తెద్దామని పోయిన మా ఆయన స్కూటర్ పక్కన ఆ పొడిచినవాడే వచ్చి నిలబడ్డాడట. "అన్నా, కోర్టుకు రాకు. వస్తే టీ కొట్టోనికి యాడ పడ్డదో నీకు గాడనే పడతది," అన్నాడట. మా ఆయన ఈ మాట నాకు మూడు రోజుల తర్వాత, అన్నం తింటూ, చారులో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతో చెప్పాడు.

"మూడు దినాలు ఎట్ల దాచుకున్నవయ్యా కడుపుల?" అన్నాను.

"కడుపుల దాచుకుంటేనే మంచిది. పొడిస్తె ముందుగాల గదే బయటికొస్తది," అన్నాడు.

ఇట్లాంటి మనిషితో నేను ఇరవై ఆరేళ్లుగా కాపురం చేస్తున్నాను.

ఠాణాకు తీసుకెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు, కాగితం రాయించుకున్నాడు, ఒక ఫోన్ నంబరు ఇచ్చి ఏమైనా అయితే వెంటనే చేయమన్నాడు. "ఏమన్న అయినంక ఫోన్ ఎవలు చెయ్యాలె సార్?" అని అడిగాను. ఆయన చిన్నబుచ్చుకుని, కోర్టు రోజున ఒక కానిస్టేబుల్ తోడుంటాడని చెప్పాడు. అందుకు దండం పెట్టి వచ్చాను. కానీ కోర్టుకు ఇంకా రెండు నెలలు. ఈలోగా రోజుకు రెండుసార్లు నూలుకనీ రంగుకనీ బయటికి పోయే మనిషికి ఎవరు తోడు?

చూడలేదని చెప్పెయ్యమని అనవచ్చు. ఆ మాట నా నోటి చివరదాకా చాలాసార్లు వచ్చింది. పొద్దున అదే నోటితో దేవుడి ముందు చదివాను కదా అని మింగేశాను. మా ఆయనా ఒకసారి అన్నాడు: "చూసిన్నాయె. చూడలే అని ఎట్ల చెప్త?" అక్కడితో ఆ సంగతి ముగిసింది. ఇక మిగిలింది ఆయన కడుపును కాపాడటం. అది నా పని అయింది.

హన్మకొండలో సెల్‌ఫోన్లు అమ్ముకునే మా తమ్ముడిని పిలిచి అడిగాను. వాడికి తెలియని విషయం ఉండదు, సరిగ్గా తెలిసిన విషయమూ ఉండదు. ఫోన్‌లో వీడియోలు పెట్టి చూపించాడు. ఎవరో తెల్లవాడు జాకెట్ తొడిగిన బొమ్మను తుపాకీతో ఢాం ఢాం అని కాలుస్తున్నాడు.

"అక్కా, గిది లెవల్ త్రీ. ఏకే ఫార్టీసెవెన్ గూడ దిగది."

"నీ ఏకే పాడుగాను! మీ బావకు ఉన్నది కత్తి భయంరా."

"పెద్దది ఆపినంక చిన్నది ఆపదా?"

"బామ్మర్దీ," అన్నాడు మా ఆయన గుంటలో నుంచి తలెత్తకుండా, "నన్ను కోర్టుకు పంపుతాన్రా, బార్డర్‌కు పంపుతాన్రా?"

తమ్ముడి మాటకు నేను కసురుకున్నాను కానీ, పెద్దది ఆపినాక చిన్నది ఆపదా అన్నది నా బుర్రలో ఎక్కడో కూర్చుండిపోయింది. ఆ పాపంలో నా వాటా తర్వాత చెబుతాను.

ముందుగా హన్మకొండలోనే యూనిఫాంలు అమ్మే దుకాణంలో అడిగాం. అతను లోపలికి పోయి దుమ్ము దులుపుతూ ఒక నారింజరంగు జాకెట్ తెచ్చాడు. తొడిగి చూస్తే మా ఆయన మెడచుట్టూ దిండ్లు పెట్టినట్టుంది. "లక్నవరం చెరువుల బోటుకే గదమ్మా?" అన్నాడు దుకాణదారు. నీళ్లలో మునగకుండా వేసుకునేది! "ఈయనకు కత్తిపోటు భయమయ్యా," అంటే, "మరి ముందుగాల చెప్పొద్దా," అని మామీదే విసుక్కున్నాడు. చివరికి హైదరాబాదులో ఫలానా గల్లీలో దొరుకుతాయని చెప్పి పుణ్యం కట్టుకున్నాడు.

హైదరాబాదు దుకాణదారు పెద్దమనిషి, నెరిసిన గడ్డం. మాటలో తొందర లేదు. ముందే అడిగాడు, "దేనికి భయం? తుపాకీకా, కత్తికా?" అని. కత్తికన్నాను. "రోజూ ఏసుకుంటరా, ఒక్క దినమా?" రోజూ అన్నాను. "లోపల ఏసుకుంటరా, పైన ఏసుకుంటరా?" ఇది నాకు తట్టలేదు. పైన వేసుకుంటే చూసినవాడు భయపడతాడు కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "పైకి కనబడితే జాకెట్ లేని జాగల పొడుస్తడమ్మా. షర్టు లోపల ఏసుకోవాలె."

ఆయన మూడు రకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి లోపల ఇనుప పలకలున్నది. ఎత్తి చూస్తే మా అత్తమ్మ రుబ్బురోలు గుర్తొచ్చింది. అది పక్కకు పెట్టించాను. రెండోది కత్తి కోసమే చేసిందట. పలుచగా, బిర్రుగా, అట్టలా ఉంది. లోపలి పొర ముక్కను చేతికిచ్చాడు. మైనం పోసి గడ్డకట్టించినట్టుంది. నేత ఎక్కడా కనిపించలేదు. మూడోది తుపాకీ గుండుకు. దాని లోపలి పొర చూసేసరికి నా ప్రాణం లేచొచ్చింది. బంగారు రంగు దారం, పడుగూ పేకా చక్కగా, పొరమీద పొరగా, సాదా నేత! బొటనవేలి గోరుతో పోగును పక్కకు జరిపి చూశాను. మా ఇళ్లల్లో గట్టి నేతను అట్లాగే పట్టి చూస్తాం. పోగు కదల్లేదు.

"ఇదీ బట్టంటే! ఎవలో గని మనసు పెట్టి నేసిన్రు," అన్నాను.

"అమ్మా, మీకు కావాల్సింది అటుదమ్మా," అన్నాడాయన.

"గా అట్టముక్కనా? నేతే లేదు దాంట్ల. తుపాకి గుండును ఆపేది కత్తిని ఆపదా?"

ఆయన ఇంకోసారి చెప్పబోయాడు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన, "నేత సంగతి ఆమెకే ఎరుక," అని గోడమీది టోపీలు చూడటం మొదలుపెట్టాడు. ఎప్పుడూ నా మాటకు అడ్డం చెప్పేవాడు, చెప్పవలసిన ఆ ఒక్కరోజు చెప్పలేదు. బంగారు నేత జాకెట్‌తోనే ఇంటికి వచ్చాం.

మా ఇంట్లో కొత్తబట్ట ఏదైనా కొసకు పసుపు పెట్టి దేవుడి ముందుంచి తొడుక్కోవాలి. పెట్టాను. దండం పెట్టుకున్నాను. ఇంత మంచి నేతను మా చేతికి అందించినందుకు అమ్మవారికి రెండుసార్లు మొక్కుకున్నాను. అప్పుడు మా అత్తమ్మ గడపలో కూర్చుని జంపఖానా అంచు కుడుతోంది. అంచు మందంగా ఉంటుంది కాబట్టి మామూలు సూది పనికిరాదు. గోనెసంచులు కుట్టే దబ్బనం కావాలి. దాన్ని తోయడానికి అరచేతికి తోలుముక్క కట్టుకుంటుంది.

"ఇటియ్యి బిడ్డా, గంత గట్టి నేతనా, చూస్త," అంది.

జాకెట్‌ను మోకాలి మీద వేసుకుంది. దబ్బనం ఆనించింది. తోలుముక్కతో, అంచు కుట్టేటప్పుడు ఎట్లా ఒత్తుతుందో అట్లాగే ఒళ్లంతా వంచి ఒత్తింది. కాస్సేపు ఏమీ కాలేదు. తర్వాత అటుపక్కన దబ్బనం మొన వడ్లగింజంత బయటికొచ్చింది.

అత్తమ్మ జాకెట్‌ను తిప్పి ఆ మొనను మా ఇద్దరికీ చూపించింది.

"కొడుకా," అంది, "నా లెక్క పొడిచేటోనితోని కయ్యం పెట్టుకోకు."

మా ఆయన పగలబడి నవ్వాడు. నేను మాత్రం జాకెట్‌ను లాక్కున్నాను. డెబ్బై ఏళ్ల ముసలామె చేతికి దిగింది, వాడి చేతికి దిగదా? ఇంకో గంటైతే మా ఆయన ఆ జాకెట్ తొడుక్కుని, దాన్ని నమ్ముకుని నూలుకు పోయేవాడు. కవచం లేకపోతే కనీసం భయమన్నా ఉండేది.

దుకాణానికి ఫోన్ చేశాను. ఆయన విని, "దబ్బనంతో పొడవమని ఎవలు చెప్పిన్రమ్మా?" అన్నాడు.

"ఎవలు చెప్పకున్నా దిగింది గద!"

"గది గుండుకమ్మా. కత్తికి వేరేది చూపెట్టిన. మీరే నేత మంచిగుందన్నరు."

 ఫోన్ పెట్టేసి కూర్చుంటే అప్పుడు తట్టింది. దబ్బనం పోగును తెంపదు. పక్కకు తోసి సందులో నుంచి పోతుంది. రోజూ మా కళ్లముందు జరిగేదే అది. ఆ అట్టముక్కలో నేత కనిపించకపోవడానికి కారణం, సందులన్నీ జిగురుతో మూసెయ్యడం. పడుగుకు గంజి పెట్టి పోగును బిగించేది మేమే కదా! నేతపని తెలియనివాళ్లెవరైనా ఆ పెద్దమనిషి మాట విని సరైనదే కొనుక్కుని వచ్చేవాళ్లు. తెలిసిన నేనే తప్పు చేశాను.

మళ్లీ హైదరాబాదు పోయాం. ఈసారి నా సంచిలో దబ్బనం, తోలుముక్క ఉన్నాయి. దుకాణదారు నుదురు కొట్టుకున్నాడు. అయినా మంచివాడు. జిగురు పొరల ముక్కను ఇచ్చి, "పొడవుండ్రి, మీ మనసుకు తసల్లీ కోసం," అన్నాడు. నేను ఒత్తాను, మా ఆయన ఒత్తాడు, చివరికి ఆయనా ఒత్తాడు. దబ్బనం మొన వంగింది. తూటు పడిన మా జాకెట్‌ను ఆయన మారుమాట లేకుండా వాపసు తీసుకున్నాడు. "దీన్ని ఈడనే ఉంచుత. మీ లెక్క వచ్చినోళ్లకు చూపెడత," అన్నాడు. నా తెలివి తక్కువతనం ఆ బల్లమీద ఇంకా ఉండే ఉంటుంది. ఎవరి ప్రాణానికో పనికొస్తే అంతే చాలు.

ఇక కొలతలు. నిలబడితే బొడ్డుదాకా సరిపోయింది. కూర్చోమన్నాను. మగ్గం గుంటలో కూర్చున్నట్టు దుకాణం మెట్టుమీద కాళ్లు కిందికి వేసి కూర్చున్నాడు. జాకెట్ పైకి లేచి గొంతుకు తగిలింది. ఇంకో సైజు. అది పక్కల కలవలేదు, పట్టీల మధ్య నాలుగు వేళ్ల సందు. "గీ సందుల పొడిస్తె?" అన్నాను. "ఊపిరి బిగపట్టుకుంట," అన్నాడు మా ఆయన. మూడోదీ కుదరలేదు. నాలుగోది ముందూ వెనకా ఒకదానిమీదొకటి ఎక్కి కలిసింది.

"మరి మెడకేం తొడుగుతవు?" అన్నాడు మా ఆయన.

"జాకెట్ కప్పినంత జాకెట్. మిగిలినంత అమ్మవారు. నోరు మూసుకొని చెయ్యి లేపు," అన్నాను.

ఆ రెండు నెలలూ నడి ఎండాకాలం. ఓరుగల్లు ఎండలో మామూలు బనీనే బరువు. రోజూ గొడవే. కక్కసుకు పోయినా తొడగాల్నా అనేవాడు, చెమటకాయలు చూపించేవాడు. గుండీలు పట్టడంలేదంటే చొక్కాలన్నిటి పక్కకుట్లు విప్పి వదులు చేశాను. నేను పక్కకు తిరిగితే తీసి మగ్గం కింద దాచి స్కూటర్ ఎక్కేవాడు. అత్తమ్మ గడపలో కూర్చుని, బయటికి పోయేటప్పుడు కడుపుమీద వేలితో కొట్టి చూసి పంపేది. ఠక్కుమంటే దారి ఇచ్చేది.

కోర్టు రోజున నన్ను రావద్దన్నాడు. పొద్దున పోయిన మనిషి మూడు గంటలకు వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. అన్నం తిన్నాడు. మజ్జిగ పోసుకున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను. మజ్జిగ తాగినాక అన్నాడు: "వరండాల వాడు ఎదురొచ్చిండు."

"ఎవడు?"

"వాడే. కానిస్టేబుల్ నా పక్కనే ఉన్నడు. అన్నా బాగున్నవా అని నవ్వుకుంట వచ్చి, కడుపు మీద గిట్ల తట్టిండు. గాడనే."

"తడితే?"

"ఠక్కుమన్నది. చెయ్యి గట్లనే ఆగింది. నా మొఖం చూసిండు. నేను గూడ చూసిన. పక్కకు జరిగిండు."

"మరి లోపట?"

"చూసింది చూసినట్టు చెప్పిన."

దీన్ని ఉప్పు తక్కువైన చారు గొంతుతోనే చెప్పాడు. నేను లేచి దేవుడి దగ్గరికి పోయాను. ఏమీ అడగలేదు. దండం మాత్రం పెట్టుకున్నాను. తిరిగి వచ్చేసరికి, "ఇగ వానికి ఎరుకైంది గద. జాకెట్ ఎందుకు?" అంటున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎరుకైనందుకే. ఇయ్యాలటి సంది నూలుకు ఒక్కనివి పోవు. నేనొస్త, ఎనుక కూసుంట."

తీర్పు ఇంకా రాలేదు. వాయిదాలు నడుస్తున్నాయి. నేను స్కూటర్ వెనక కూర్చుని నూలుకు పోతున్నాను, సంచి ఒళ్లో పెట్టుకుని. ఇంటికి రాగానే పక్క పట్టీలు లాగితే బర్రుమని కొత్త గుడ్డ చింపినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడయ్యేదాకా నేను చేతులు కడుక్కోను. తర్వాత దాన్ని తడిగుడ్డతో తుడిచి కొయ్యకు తగిలిస్తాను. ఉతకకూడదు కాబట్టి వాసన పోదు. మొదటిదానికి పెట్టినట్టే దీని కొసకూ పెట్టిన పసుపు మాత్రం ఎన్నిసార్లు తుడిచినా అట్లాగే ఉంది.

"వీపు దురద పెడతాంది. జర గోకవే," అంటాడు గుంటలో దిగుతూ.

"నా చేతిల పనున్నది," అంటాను. అని, పోయి గోకుతాను.