జ్వరమొస్తేనే బ్రెడ్డు

సూరత్ నుంచి మా అమ్మాయితో కలిసి పాండిచ్చేరి చూడటానికి వెళ్ళాను. ఫ్రెంచివాళ్ళ పాత వీధిలో, పసుపు గోడల పక్కన వేడి బ్రెడ్డు వాసన వచ్చింది.

"తిను బాపూ, ఈడ గిదే ఫేమస్" అంది అమ్మాయి. నా చెయ్యి లేవలేదు.

మన తరంవాళ్ళ చిన్నప్పుడు బ్రెడ్డు జ్వరమొచ్చినవాళ్ళకే కదా, గుర్తుందా? మైనపు కాగితం విప్పి, పాలలో ముంచి తినిపించేవారు.

మా చెల్లె లచ్చవ్వ జ్వరంతో మంచంలో పడుకొని, బ్రెడ్డు చూపిస్తూ నన్ను ఉడికించింది.

"నీకేడిది అన్నా? నువ్వు జొన్న గట్క తిను పో!"

తర్వాత నాయనను అడిగింది.

"జ్వరం తగ్గినంక గూడ తెస్తవా నాయినా?"

"రోజూ తెస్త బిడ్డా."

జ్వరం తగ్గలేదు. లచ్చవ్వ మాకు దక్కలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా అమ్మ జావే కాచింది. బ్రెడ్డు కావాలని మేమెవరం అడగలేదు.