పక్షం రోజుల రవ్వల దుద్దులు

మా అత్తగారింట్లో రవ్వల దుద్దులు కొనడమంటే కొట్టుకెళ్లి తెచ్చుకోవడం కాదు. ముందు అవి ఇంటికి రావాలి. ఎవరి కోసం కొంటున్నారో వాళ్ల చెవులకెక్కాలి. పున్నమి నుంచి అమావాస్య దాకా ఇంట్లో ఏ చెడూ జరగకూడదు. జరిగిందా, ఆ రవ్వలు అచ్చిరాలేదని లెక్క. మర్నాడే పెట్టెలో పెట్టి అమలాపురంలో నగల షావుకారు గారికి పంపేయాలి. ఆయన కూడా మారుమాట లేకుండా పుచ్చుకునేవారు. రశీదూ లేదు, సంతకమూ లేదు. కోనసీమలో చాలా ఇళ్లల్లో ఈ పరీక్ష ఉండేది గానీ, మా అత్తగారంత పట్టుగా పాటించినవాళ్లను నేను మాత్రం చూడలేదు.

నేను కొత్తపేట దగ్గరి ఆ ఊరికి కోడలిగా వచ్చింది డెబ్భైల్లో. మామగారు అప్పటికే లేరు. కొబ్బరితోటలూ, వరిచేలూ, పెద్ద పెంకుటిల్లూ, వాటన్నిటి మీదా అత్తగారి కన్నూ. మా పుట్టింట్లో రవ్వలు ఎవరికీ లేవు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు తల తిప్పినప్పుడు చెవుల దగ్గర తళుక్కుమనేది చూసి, అలాంటివి నాకూ ఉండాలని చిన్నప్పటి నుంచీ ఆశ. ఈ మాట పెళ్లయిన కొత్తలోనే మావారి చెవిలో వేశాను. ఆయన తల్లి చెవిలో వేశారు. ఆశ్చర్యమేమిటంటే, ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. అమలాపురం నుంచి ఏడురాళ్ల దుద్దులు వచ్చాయి.

వచ్చిన మూడోనాడో నాలుగోనాడో మా తోటలోంచి కాయలేసుకుని అంబాజీపేట బయల్దేరిన లారీ, వంతెన మలుపులో కాలవలోకి దిగిపోయింది. డ్రైవరు కునుకు తీశాడు. అతనికేం కాలేదు, తడిసిన చొక్కా పిండుకుంటూ గట్టెక్కి బీడీ ఉందా అని అడిగాడట. కాయలన్నీ కాలవ నిండా తేలుతూ పోతుంటే ఊరు ఊరంతా నీళ్లలోకి దూకింది. ఆ రోజు మా ఊళ్లో జరిగిన సంబరం ఏ తిరనాళ్లకీ తీసిపోదు. సంబరం లేనిది నాకొక్కదానికే. అత్తగారు వసారాలోకి వచ్చి చెయ్యి చాపారు.

"దుద్దులు తీసియ్యమ్మాయ్. మనకి అచ్చిరాలేదు."

తీసిచ్చాను. ఆవిడ ముందు నోరెత్తే ధైర్యం ఆ రోజుల్లో ఏ కోడలికుంది? దొడ్లోకి పోయి గడ్డిమేటు చాటున కూర్చుని ఏడ్చాను. అక్కడ కట్టేసి ఉన్న గేదెదూడతో మొరపెట్టుకున్నాను. "డ్రైవరు కునుకు తీస్తే మధ్యలో నా చెవులేం చేశాయే?" అని అడిగాను. దూడ గడ్డి నములుతూ ఉండిపోయింది. కళ్లు తుడుచుకుని, ఏం ఎరగనట్టు వచ్చి పొయ్యి ముట్టించాను.

తర్వాత చాలాకాలం ఇంట్లో రవ్వల మాట రాలేదు. పిల్లలు పుట్టారు, బడికి వెళ్లారు. ఎనభైల్లోకి వచ్చాక ఒక ఏడు కాపు బ్రహ్మాండంగా వచ్చింది. ఒకరోజు పొద్దున్నే అత్తగారు తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, "అమ్మాయ్, పద. అమలాపురం వెళ్లొద్దాం" అన్నారు. ఎందుకని అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటారేమోనని భయం.

షావుకారు గారు కబుర్ల మనిషి. మా అత్తగారు పరీక్షల మనిషి. వాళ్లిద్దరి మధ్యా ఆ రవ్వలు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

"లైటు ఆర్పించండి. రవ్వని పొద్దుటి వెలుగులో చూడాలండి" అన్నారు ఆవిడ.

"ఆయ్, తమకి తెలియందేవుందండీ" అంటూ ఆయన లైటు ఆర్పించి, కిటికీ తలుపు బార్లా తీయించారు.

తెల్లకాగితం నిలువుగా మడిచి, ఆ మడతలో రాళ్లు బోర్లా పోశారు. మామూలుగా చూస్తే అన్నీ ఒకటే తెలుపు. కాగితం మీద పక్కపక్కన పడేసరికి ఒకదానిలో లేత పసుపు జీర బయటపడింది. అత్తగారు దాన్ని వేలితో పక్కకి నెట్టేశారు. ఇంకోదాన్ని భూతద్దంలో చూసి, లోపల నల్లటి నలకుందని తోసేశారు. మంచి రాయి మీద ఊదితే ఊపిరి ఆవిరి నిలవదని నా చేత ఊదించారు. వెనక మూసేసి కట్టిన దుద్దులు వద్దని, లోపల రేకు పెట్టి ఎంత మెరిపించినా మనకి తెలీదని, వెనక తెరిచి ఉన్న కట్టడమే కావాలని పట్టుబట్టారు. నాకు అప్పుడర్థమైంది, ఆవిడకి రవ్వలంటే భయమే కాదు, ప్రాణమని కూడా.

చివరికి ఒక జత నా అరచేతిలో పెట్టి, "కిటికీ దగ్గర పట్టుకుని చూడు" అన్నారు. ఎండలో కాస్త వంచానో లేదో, ఎదురుగోడ మీద ఎరుపూ నీలం చుక్కలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. నాకు నవ్వొచ్చేసింది. చిన్నపిల్లలా అటూ ఇటూ తిప్పుతూ గోడంతా చుక్కలు చల్లాను. అవి నావి కావాలని ఎంత అనిపించిందో మాటల్లో చెప్పలేను.

పున్నమినాడు దుద్దులు నా చెవులకెక్కాయి. ఆ మర్నాడే మా అన్నయ్య ఊడిపడ్డాడు. వాడు కొత్తగా ఇన్సూరెన్సు ఏజెంటు అయ్యాడు. మనిషి కనిపిస్తే చాలు పాలసీ కట్టించే ఊపులో ఉన్నాడు.

"నగలక్కూడా బీమా ఉంటుందండి, అత్తయ్యగారూ. దొంగలెత్తుకుపోయినా, నిప్పంటుకున్నా కంపెనీ ఇచ్చేస్తుందండి" అన్నాడు.

అత్తగారు శ్రద్ధగా విన్నారు. "దొంగెత్తుకుపోతే ఇస్తారు, బానే ఉంది బాబూ. మరి రవ్వ అచ్చిరాకపోతే ఏవిస్తారు?"

అన్నయ్య సంచీలోంచి కాగితాలు తీసి చూశాడు, మళ్లీ లోపల పెట్టేశాడు. కాఫీ తాగి, అమావాస్య వెళ్లాక వస్తానని వెళ్లిపోయాడు.

సగం రోజులు చల్లగా గడిచాయి. అప్పుడు మా పిల్లి నా కొంప ముంచింది. మా అటక నిండా కురిడీ కాయలుండేవి. కొబ్బరికాయల్ని ఏడాది పాటు అటక మీద ఎండనిస్తే లోపలి కొబ్బరి గుండులా గలగల్లాడుతుంది, అవే కురిడీలు. పిల్లి ఎలకని తరుముతూ అటకెక్కి ఒక కాయని దొర్లించింది. ఆ కాయ వచ్చి వచ్చి కింద సామాన్ల గదిలో ఉన్న కొత్తావకాయ జాడీ మీద పడింది. నేను పరుగెత్తి చూసేసరికి గదిలో ఎర్రటి నూనె మడుగు.

కొత్తావకాయ జాడీ పగలడమంటే మా ఇంట్లో మామూలు సంగతా! లారీ కంటే పెద్ద అపశకునం. అత్తగారు అప్పుడు గుడికెళ్లారు. పెంకులన్నీ ఏరి కొబ్బరిచెట్టు మొదట్లో పాతేశాను. ముగ్గుపిండి చల్లి నేల తుడిచాను. పిల్లిని తిట్టడానిక్కూడా టైము లేదు. ఆ పూట నుంచీ ఆవిడకి ఆవకాయ బదులు మాగాయ వడ్డించాను.

"మాగాయ బాగా కుదిరిందండీ అత్తయ్యగారూ, రుచి చూడండి."

"ఆయ్, బానే ఉందమ్మా" అని తినేవారు. రోజూ అదే మాగాయ, రోజూ అదే మాట.

కానీ ఆ మర్నాటి నుంచి ఆవిడ తీరు మారిపోయింది. నిముషం కూర్చోని మనిషి వసారాలో బల్ల మీంచి కదలడం మానేశారు. గుడికెళ్లలేదు. కొబ్బరికాయల దింపు జరుగుతుంటే తోటకెళ్లి ఒక్కో గెలా చూసుకునే మనిషి, ఈసారి ఆ వైపే పోలేదు. అక్కడే కూర్చుని నన్నే చూస్తుండేవారు. నేను నూతి దగ్గరకెళ్తే కళ్లు నా వెంట, వంటింట్లోకెళ్తే కళ్లు నా వెంట. ఇదేదో కాపలా అనుకున్నాను. ఎక్కడ ఏం పగులుతుందా అని కాచుకున్నారనుకుని లోలోపల ఉడికిపోయాను. ఆవిడ చీర ఉతుకుతుంటే కుచ్చెళ్ల అంచున ఎర్రటి మరక కనపడింది. పూజగదిలో అంటిన కుంకుమనుకుని గట్టిగా బాదాను. ఆ బాదడంలో కొంత కోపం కూడా ఉంది.

మావారి వాటం కూడా ఏదోగా ఉంది. అంబాజీపేట నుంచి రాగానే, "ధరెలా ఉందిరా?" అని తల్లి అడిగితే, "బానే ఉందమ్మా" అంటూ తిన్నగా స్నానానికి పోయేవారు. ఆ రోజుల్లో కొబ్బరి ధర ఎంత అడుక్కి దిగిందో నాకు తర్వాత తెలిసింది.

అమావాస్య వెళ్లిన మర్నాడు షావుకారు గారు స్వయంగా వచ్చారు. నేను తలుపు వెనక నుంచున్నాను. ఈసారి గనక తీసియ్యమంటే మళ్లీ రవ్వల మాటెత్తకూడదని, గడ్డిమేటు వైపు కూడా పోకూడదని ఒట్టేసుకున్నాను.

"ఏవండీ, తమకి అచ్చొచ్చేయాండీ?" అని అడిగారాయన.

అత్తగారు బల్ల మీద నిటారుగా కూర్చున్నారు. "ఆయ్, దివ్యంగా అచ్చొచ్చేయండి. పక్షం రోజులూ ఇంట్లో ఎవరికీ చీమైనా కుట్టలేదు. ఉంచేసుకుంటాం."

ఆయన సంతోషంగా మజ్జిగ తాగి వెళ్లారు. వీధి తలుపు మూసి వచ్చానో లేదో అత్తగారు నన్ను పిలిచారు.

"అమ్మాయ్, వావిలాకేసి కాసిని నీళ్లు కాచి పట్రా. ఇంక నావల్ల కాదు."

కుచ్చెళ్లు పైకి తీశారు. కుడికాలి చీలమండ కొబ్బరిబోండంలా వాచిపోయి ఉంది. దాని మీద పసుపూ సున్నం కలిపి వేసుకున్న ఎర్రటి పట్టు ఎండి బీటలిచ్చింది. నేను బాది బాది ఉతికిన మరక అదే.

"ఎప్పుడు పడ్డారండీ? ఎక్కడ పడ్డారండీ?"

"సామాన్ల గదిలో. ముగ్గుపిండి చల్లితే ఆవకాయ నూనె వదుల్తుందా, పిచ్చిమొహమా? వాసన గుమ్మంలోకే కొడతంటే ఏంటా అని వెళ్లేను. జర్రున జారేను."

జాడీ సంగతి మొదటిరోజే తెలుసన్నమాట. తెలిసీ పూటపూటా నోరు మూసుకుని మాగాయ తిన్నారు. అన్ని రోజులూ బల్ల మీద కూర్చున్నది నన్ను కాపలా కాయడానికి కాదు, లేచి నడిస్తే కుంటడం నేను చూస్తానని. నీళ్లు కాచి తెచ్చి, కాలు ఒళ్లో పెట్టుకుని కాపడం పెడుతుంటే నాకు ఏడుపాగలేదు. వంగినప్పుడల్లా దుద్దుల మీద ఎండ పడుతోంది, గోడ మీద చుక్కలు పరుగెడుతున్నాయి.

"ఇంత దెబ్బ తగిలినా అచ్చొచ్చేయని చెప్పేరేంటండీ?" అన్నాను.

ఆవిడ ఆ చుక్కల్నే చూస్తున్నారు. నా గొంతుని అచ్చం నాలాగే సాగదీసి, గేదెదూడతో మాట్లాడుతున్నట్టే అన్నారు.

"నేను జారి పడితే మధ్యలో నీ చెవులేం చేశాయే?"