గోనె కింద కూసిన కోడిపిల్ల

మా చిన్నప్పుడు... భాద్రపదం సగమైనా వాన పడని ఏడు అది. అయ్య ఏతం తొక్కి ఎండిన నారుమడికి నీళ్ళు తోడుతున్నాడు. అమ్మ చోళ్ళు విసురుతుంటే నేను పిండి ఎత్తుతున్నాను.

ఆ వేసవిలో తెగులొచ్చి మా కోళ్ళన్నీ పోయాయి. పొట్టిపెట్ట కూడా పోయింది... దాని పిల్లలు నాలుగు మిగిలాయి. గుడ్లిచ్చి కొట్లో నూకలు తెచ్చుకునే ఇల్లు మాది. ఆ నాలుగూ పెట్టలైతే ఎలాగో గడుస్తుంది. పుంజులైతే అయ్య ఖరగ్‌పూర్ కూలికి పోవాలి. అంతకుముందు అలా పోయిన మా మేనమామ మళ్ళీ రాలేదు.

అయ్య అప్పటికే మూట సగం కట్టి ఉంచాడు.

నాయనమ్మ ఒక్కో పిల్లనూ మెడ దగ్గర పట్టి ఎత్తి చూసింది. కాళ్ళు ముడుచుకుంటే పెట్ట, వేలాడేస్తే పుంజు... అదీ ఆవిడ పద్ధతి. తలమీద జుట్టూ చూసింది. పుంజుపిల్లకు అది ముందే ఎర్రబడి లేస్తుంది. వీటికి లేవలేదు.

“నాలుగూ పెట్టలే. ఏడవకు,” అంది అమ్మతో.

“నిజమేనా అత్తా? మళ్ళీ సూడు.”

“నీ మొగుడు పుట్టకముందు నుంచీ సూస్తన్నాను కోళ్ళని. నాకు సెప్తావేటి?”

అయ్య మూట విప్పేశాడు.

కానీ ఆ పిల్లల తండ్రి పక్కింటి పందెం పుంజు. ఆ జాతికి జుట్టు తలకు అణిగే ఉంటుంది. అది మాకెవరికీ తట్టలేదు.

ఆశ్వయుజం వచ్చేసరికి మెడ ఈకలు సన్నగా మొనదేలాయి. ఒకటి బొంగురు గొంతుతో కూసింది. తర్వాత ఇంకొకటి... మూడోది కూడా.

నాలుగోదాన్ని అమ్మ ఒళ్ళో పెట్టుకుంది. “ఇది పెట్టే. దీన్ని పొదిగిస్తాను, మళ్ళీ మంద సేస్తాను. నువ్వెల్లకు,” అంది.

“సూద్దాం,” అన్నాడు అయ్య.

మర్నాటి నుంచి అమ్మ చీకటితోనే లేచి దాన్ని మూసిన గంపమీద గోనె కప్పేది. ఎందుకని అడిగితే నోరు మూసుకోమంది. వెలుతురు తగలకపోతే కోడి కూయదనుకుందని నాకు తర్వాత తెలిసింది.

ఒక తెల్లవారుజామున అది గోనె కిందనుంచే కూసింది. అమ్మ గంపమీద వంగి దగ్గడం మొదలుపెట్టింది... గట్టిగా. అది కూసినప్పుడల్లా దగ్గింది.

అయ్య లేచి కూర్చున్నాడు.

“గోనె తీసీయే. ఊపిరాడక సస్తాది.”

నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు హేచరీల్లో పిల్ల పుట్టిన రోజే పెట్టో పుంజో చూసి చెప్పేస్తారట... మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎలా పోల్చేవారో, తప్పితే ఏమయ్యేదో, గుర్తుంటే రాయండి.

మా అయ్య ఆ ఆదివారం పొద్దున్న ఆమదాలవలసలో ప్యాసింజరెక్కి వెళ్ళిపోయాడు.