గాజు పెంకుల గొర్రెల మంద

పారేసిన వస్తువు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ప్రొద్దుటూరులో పుట్టింట్లో ఉన్నప్పుడు మగ్గాల ఇళ్ల ముందు పడేసిన నూలు ముక్కలు ఏరుకొచ్చి అట్టల మీద అంటించేదాన్ని. పెళ్లయి జమ్మలమడుగు దగ్గరి పల్లెకు వచ్చాక నూలు దొరకలేదు. దొరికినవి పగిలిన సోడా సీసాలు, తుప్పు మేకులు, పురికొస. సరే, వాటితోనే బొమ్మలు. అత్తగారు పోయి చాలా కాలమైంది కనుక ఆ ఇంట్లో నన్ను అడిగేవాళ్లు లేరు. మా మామ గొర్రెల వెంట తిరిగే మనిషి. సాయంత్రం వచ్చి సంచి దులిపితే గాజు పెంకులు, సైకిల్ చైను ముక్కలు పడేవి. ఈ చెత్తతో ఏం చేస్తావో అని గొణుగుతూనే, పచ్చ గాజు దొరికితే కడిగి మరీ తెచ్చేవాడు.

అప్పట్లో మా ఊళ్లో రెండు పార్టీలు. ఎవరు ఏ టీ అంగట్లో కూర్చోవాలో, ఎవరు ఏ వీధిలో నడవకూడదో పసిపిల్లలకు కూడా తెలుసు. మా ఇల్లు మాత్రం ఏ పక్కా కాదు. కోత అయిన చేలో మంద పెడితే ఎరువవుతుందని రెండు పార్టీల రైతులూ మామను పిలిచేవారు. ఇద్దరికీ కావలసినవాళ్లం కాబట్టి ఇద్దరికీ మా మీద అనుమానమే.

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మా వసారాలో గాజు పెంకుల బక్కెట్టు, మేకుల డబ్బా, పురికొస ఉండలు చూసి ఎవరో పోలీసులకు ఉప్పందించారు. నాటుబాంబుల్లో కూరేవి కూడా అవేనని నాకు తట్టనే లేదు. ఆ ఊళ్లో ఇంకెవరికైనా మొదట తట్టేది అదే. పొద్దున్నే జీపొచ్చింది. బక్కెట్టూ డబ్బాలతో పాటు మామనూ ఎక్కించుకుని జమ్మలమడుగు స్టేషన్‌కు తీసుకుపోయారు. నా భర్త పులివెందులలో చీనీకాయల లోడు ఎత్తుకుని లారీతో మద్రాసు పోయి ఉన్నాడు. మామ ముసలివాడు, దెబ్బలకు తట్టుకోలేడు. బాంబులవాడని పేరు పడితే, పోలీసులు వదిలినా రెండు పార్టీల్లో ఏదో ఒకటి ఆయన్ను బతకనివ్వదు.

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. పాత కిటికీ రెక్క మీద చేసిన గొర్రెల మందను గోడ మీంచి దించి, బస్సెక్కాను. కండక్టరు పైన వెయ్యమన్నాడు. వెయ్యనన్నాను. స్టేషన్ దాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఎస్సై ఆ రెక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. పురికొస విప్పి చేసిన బొచ్చు, మేకుల కాళ్లు, పచ్చ గాజుతో పెన్నా నీళ్లు. ఎవరో చేసింది తెచ్చి చూపిస్తున్నావన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా బక్కెట్టు తెప్పించండి సార్, ఇక్కడే చేసి చూపిస్తానన్నాను. ఒక కానిస్టేబుల్ బంక సీసా కూడా తెచ్చిచ్చాడు. పాత ఫైలు అట్ట మీద చెయ్యడం మొదలుపెట్టాను. మామ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. నా గొర్రె ఒక రూపానికి వస్తుండగా మెడ సాచి చూశాడు.

"చెవులు నిక్కబెట్నావు. గొర్రెకు చెవులు యాలాడతాయి గదమ్మా."

నాకు అరవాలనిపించింది. తలకాయ మీదికొస్తే ఈయనకు చెవుల గొడవ. ఎస్సై మాత్రం నవ్వేశాడు. బాంబులు చుట్టేవాడు గొర్రె చెవుల కోసం కోడలితో తగువు పెట్టుకోడని ఆయనకు అర్థమైనట్టుంది. మధ్యాహ్నానికి మామను వదిలేశారు, బక్కెట్టూ మాకే ఇచ్చేశారు. బస్టాండులో ఆయన రెండు బోండాలు తిని ఇంకోటి అడిగినప్పుడు నాకు కళ్లనీళ్లు తిరిగాయి. అంతటి హాయి మళ్లీ ఎరగను.

మర్నాడు గిన్నెలు తోముతుంటే ఎదురింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఒక పార్టీలో ముందుండి తిరిగేవాడు. మా మీద ఉప్పందించింది అతనేనని ఊరంతా అనుకుంటున్నారు. నేను తల ఎత్తలేదు, కూర్చోమనలేదు. ఆమె కొంగు చాటునుంచి ఒక సంచి తీసి నా ముందు పెట్టింది. నిండా మేకులు, గాజు పెంకులు, పురికొస ఉండలు.

"మావోడు వామిలో దాచిపెట్నాడు. ఇయ్యి గూడా నీ బొమ్మలకే వాడుకో అమ్మీ."

గడ్డివామి వైపు చూసి, అతను అడిగితే ఏం చెబుతావన్నాను.

"పోలీసోళ్లు ఎత్తుకపోయినారని చెప్తా. మీ ఇంటికి రాలేదా ఏంది?"

తోముతున్న గిన్నె వదిలేసి పీట వేశాను. ఆమె పీట పక్కకు నెట్టి నేల మీదే కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని, గట్టిగా ఊపిరి వదిలి, పెంకుల్లోంచి మేకులు వేరు చేయసాగింది.