బల్ల అంచు దాటిన నౌకలు

శామీర్‌పేటలో మా ఎదురింటాయన బస్సు డ్రైవరు. ఆదివారాలు మా భోజనాల బల్ల మీద అట్టముక్కల అంతరిక్ష నౌకలతో, పాచికలు వేసి యుద్ధమాడేవాళ్లం. చిన్న నౌకను కూలిస్తే ఐదు పాయింట్లు, పెద్దదైతే పది. బల్ల అంచు దాటి తప్పుకుంటే ఎదుటివాడికి ఏమీ రావు. దెబ్బతిన్న తన ప్రతి నౌకనూ ఆయన రెండు వేళ్లతో అంచు దాకా జరిపి జేబులో వేసుకునేవాడు. ఎప్పుడూ అలాగే గెలిచేవాడు.

"పారిపోయి గెలవడమేమిటండీ?" అన్నాను.

"గా రూలు మీరే రాసిండ్రు గద సారూ!"

ఒక ఆదివారం ఆట చివర నేను ఐదు పాయింట్లు ముందున్నాను. దెబ్బతిన్న నా పెద్ద నౌకను అంచు దాటిస్తే నాకు తొలి గెలుపు.

"జల్దీ తీస్కపోండ్రి సారూ, లోపల మనుషులుంటరు," అన్నాడాయన.

ఆ జాలి నాకు నచ్చలేదు. జరపకుండా, "పాచికలు విసరండి," అన్నాను. నౌకా పోయింది, ఆటా పోయింది.

కూలిన ఆ నౌకను కూడా ఆయన తన జేబులోనే వేసుకున్నాడు. ఇన్నేళ్లయినా తిరిగి ఇవ్వలేదు.